చేతిలో వడిసెల, ఒడిలో రాళ్లు

పుష్యమాసం. పొద్దు పొడవడానికి ఇంకా సమయం ఉంది. మీరు మంచె మీద ఉన్నారు. నాలుగు గుంజలు పాతి, ఎత్తున అడ్డకర్రలు కట్టి, వాటి మీద కందికట్టె పరిచారు. ఆపైన గొంగడి. కాలు కదిపినప్పుడల్లా కట్టె పటపటమంటోంది. కింద ఎటు చూసినా మనిషెత్తు జొన్న. మంచుకు తడిసిన కంకులు బరువుగా వంగి ఉన్నాయి.

ఇది 1946, సంవత్సరం మొదటి నెల. నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో కడవెండి శివారు. రాజ్యం నిజాముది. ఊరి మీద పెత్తనం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డిది. ఆయన కింద 40 వేల ఎకరాలు ఉన్నాయి. ఆయన తల్లి జానమ్మ దొరసాని కడవెండి గడిలోనే, అంటే ఊళ్లోని దొరల కోటలోనే ఉంటుంది. చీకటితోనే మీరు చేనికి వచ్చేటప్పుడు గడి ముందు నుంచి రాలేదు, గట్ల వెంట చుట్టూ తిరిగి వచ్చారు. ఎదురుపడితే వెట్టికి, కూలి లేని చాకిరీకి పిలుస్తారని భయం.

మీ పక్కన కూర్చున్న మనిషిని ఊరంతా పెద్దమ్మ అంటుంది. మీరూ అలాగే అంటారు. ఆమె మాట్లాడదు. చెవి ఒగ్గి వింటోంది.

ముందు వచ్చేది చప్పుడే. తూర్పున చెరువుకట్ట వైపు నుంచి కిచకిచలు, ఆ తర్వాత రెక్కల గాలి. పిచ్చుకల గుంపు చేను మీద ఒక చుట్టు తిరిగి నడిమధ్యన వాలింది. పిచ్చుక గింజ తిని పోతుంది, దాన్ని సహించవచ్చు. వెనకాలే వచ్చే చిలకలు అలా కాదు. కంకిని మెడ దగ్గర కొరికి, నాలుగు గింజలు తిని, మిగతాది కింద పడేస్తాయి. సర్కారు లెవీకి, నాగుకి (గింజల అప్పుకి), దొర వాటాకి పోగా మిగిలే గింజ ఇది. పెద్దమ్మ లేచి నిలబడింది.

నడుముకు చుట్టుకున్న తాడు విప్పింది. అదే వడిసెల. గోగునారతో పేనిన రెండు తాళ్లు, నడుమ అరచేయంత అల్లిక. ఒక తాడు చివర ఉంగరంలాంటి ముడి. దాన్ని నడిమి వేలికి తొడుక్కుంది. రెండో తాడు కొసను బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుంది. ఒడిలోంచి మట్టి ఉండ ఒకటి తీసి అల్లికలో పెట్టింది. తల చుట్టూ ఒక్కసారి తిప్పింది. ఒక్కసారే. ఎప్పుడు వదిలిందో మీకు కనబడలేదు. తాడు కొస ఛెళ్లుమంది. చేను నడుమ కంకులు కదిలాయి. గుంపు గుంపంతా లేచి పోయింది.

"హో... హో..." ఆమె కేక పక్క చేనుకు వినిపించింది. అక్కడి మంచె మీది నుంచి ఇంకో ఛెళ్లు, ఇంకో కేక. ఇట్లా చేను నుంచి చేనుకు, శివారు చివరిదాకా. పిట్టలకు వాలే చోటు లేదు.

ఈ వరసను మనసులో పెట్టుకోండి. ఒక మంచె కేక రెండో మంచెకు అందడం, అందగానే అక్కడి చేయి లేవడం. ఆరు నెలలు తిరగకుండా ఇదే ఊళ్లో ఇదే వరస మనుషుల మీదికి పనికొస్తుంది.

పొద్దెక్కాక, పిట్టలు చెట్ల నీడకు పోయాక, పెద్దమ్మ వడిసెల మీ చేతికిచ్చింది.

"తిప్పు బిడ్డా. నీ అసుంటోళ్లకు ముందుగాల తలకాయ కాపాడుకునుడు రావాలె."

మీరు గట్టు మీద నిలబడ్డారు. ఉండ పెట్టారు. తిప్పారు. వదిలారు. ఉండ మీ వెనక ఎక్కడో పడింది. రెండోది కాళ్ల ముందే పగిలింది. మూడోది అడ్డంగా పోయి తుమ్మచెట్టుకు తగిలింది.

తాడు ఎటు చూపుతోందో అటే రాయి పోతుందని మీ చెయ్యి అనుకుంటోంది. పోదు. వదిలిన క్షణంలో రాయి తాడుకు అడ్డంగా, తిరుగుతున్న దారికి సూటిగా పోతుంది. ఎదురుగా కొట్టాలంటే రాయి ఇంకా పక్కన ఉండగానే వేళ్లు విప్పాలి. ఇది బుద్ధికి చెబితే అర్థమవుతుంది, వేళ్లకు మాత్రం పూటలు పూటలు పడుతుంది. అందుకే ఈ విద్య పిట్టల కాపలాలో పెరిగినవాళ్లకు వచ్చినంతగా ఇంకెవరికీ రాదు. ఏడెనిమిదేళ్ల వయసులో మంచె ఎక్కించిన పిల్ల పెళ్లీడుకు వచ్చేసరికి ఎన్ని వేల ఉండలు విసిరి ఉంటుందో ఊహించండి. ఏ దేశపు సైన్యం తన సిపాయికి అంత సాధన చేయించగలదు?

"అన్నిసార్లు తిప్పకు," అంది పెద్దమ్మ. "తిప్పితే బలమొస్తదనుకుంటరు. రాదు. గురి పోతది."

అది నిజం. బలం చుట్ల లెక్కలో లేదు, చివరి విసురులో ఉంది. తాడు పొడవు మీ చేతికి ఇంకో చెయ్యి అతికించింది. భుజం దగ్గరి వేగమే అల్లిక దగ్గరికి వచ్చేసరికి ఎన్నో రెట్లు అవుతుంది. ఉత్త చేత్తో యాభై గజాలు పోని రాయి వడిసెలతో నూరు గజాలు దాటుతుంది. కట్టె పట్టుకున్నవాడు, కత్తి పట్టుకున్నవాడు మీ దగ్గరికి రావాలంటే ఆ నూరు గజాలు నడవాలి. ఆ నడకలో మీ చేతికి మూడు నాలుగు రాళ్లు విసిరే వ్యవధి ఉంటుంది.

ఉండలకూ ఒక లెక్క ఉంది. చేలో మట్టి ఉండలే వాడతారు. ఎండబెట్టిన రేగడి ఉండ నేలకు తగిలి పొడి అవుతుంది. రాయి అయితే చేలో మిగిలిపోయి నాగలికి, కొడవలికి తగులుతుంది. అడవిపందులు వచ్చే చేలకు మాత్రం వాగు రాళ్లు తెస్తారు. కోడిగుడ్డంత, నున్నగా, అన్నీ ఇంచుమించు ఒకే బరువువి. చెయ్యి ఒక బరువుకు అలవాటు పడితే గురి దానంతట అదే కుదురుతుంది. చిన్నది పెద్దది కలిపి విసిరేవాడికి ఏ రాయి ఎక్కడ పడుతుందో తెలియదు.

సాయంత్రానికి మీ ఉండ ముందుకు పోతోంది. అరచేయి ఎర్రబడింది. నడిమి వేలు కందిపోయింది. పెద్దమ్మ చూసి, వేలికి పాత గుడ్డ పీలిక చుట్టింది.

కోతలయ్యాయి. ఒక రాత్రి మీరు మీ మేనమామ వెంట ఊరి చివరి వేపచెట్టు కిందికి పోతారు. ఒక కందిలి, చుట్టూ ముప్ఫై నలభై మంది. ఇది సంఘం. ఆంధ్రమహాసభ అని పట్నంవాళ్లు అంటారు, ఇక్కడ సంగం అంటే చాలు. అణా ఇస్తే చిట్టీ ఇస్తారు. ఆ చిట్టీని కొందరు దేవుడి పటం వెనక దాచుకున్నారు. చేతికొక గుత్ప పట్టుకుని తిరుగుతారు కాబట్టి గుత్పల సంగం అన్న పేరూ వచ్చింది. గుత్ప అంటే గొడ్లు కాసేటప్పుడు, రాత్రి చేనికి పోయేటప్పుడు ఎవరి చేతిలోనైనా ఉండే దుడ్డుకర్రే. దొర దాన్ని ఆయుధం అని పేరు పెట్టి లాక్కోలేడు. లాక్కుంటే ఊళ్లో గొడ్లు కాసేవాడు ఉండడు.

పాలకుర్తి సంగతి చెబుతున్నారు. చాకలి ఐలమ్మ కౌలు భూమిలో పంట కోసుకుపోవడానికి దొర తన మనుషులను పంపాడు. సంఘం వాలంటీర్లు గుత్పలు పట్టుకుని చేలోకి దిగారు. దొర మనుషులు పారిపోయారు. పంట కోసి, ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చారు. వింటున్నవాళ్ల ముఖాలు చూడండి. ఒక రజక స్త్రీ గడికి ఎదురు నిలిచి గింజ ఇంటికి తెచ్చుకుంది. ఈ తాలూకాలో ఇలాంటి మాట ఇంతకుముందు ఎవరూ వినలేదు.

మాటలయ్యాక పెద్దవాళ్లు వెళ్లిపోయారు. కుర్రవాళ్లు మిగిలారు. పదహారేళ్ల పిల్లవాడొకడు మొలలోంచి పిడిబాకు తీశాడు. కమ్మరి చేత చేయించుకున్నాడట. నాలుగడుగులు వెనక్కి వేసి వేపమాను మీదికి విసిరాడు. దిగింది. అందరూ "శభాష్" అన్నారు. మీ గుండె కూడా ఒక్క క్షణం ఎగిరింది.

గొర్ల కాపరి తాత ఒకాయన గొంగడి సర్దుకుని లేచాడు. "ఇంకో రెండడుగులు ఎనకకు జరిగి ఇసురు కొడుకా," అన్నాడు.

పిల్లవాడు జరిగాడు. విసిరాడు. ఈసారి పిడి తగిలి కత్తి కింద పడింది. మళ్లీ విసిరాడు. అడ్డంగా తగిలి పడింది.

గాలిలో కత్తి గిర్రున తిరుగుతూ పోతుంది. మొన ముందుండగా చెట్టును చేరితేనే దిగుతుంది. అంటే దూరం సరిగ్గా కుదరాలి. ఆ దూరం తప్పితే తగిలేది పిడో, పక్కో. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు కూడా మామూలుగా కొలిచి గీత గీసుకున్న దూరం నుంచి, కదలని మెత్తని చెక్క మీద విసురుతారు.

"చెట్టు నిలబడ్డది కొడుకా. మనిషి నిలబడతడా?" తాత అడిగాడు. "మీదికి ఉరికొస్తడు. ఆని మీద నా గొంగడసుంటి గొంగడి ఉంటది. దాంట్ల దిగుతదా? సరే, ఇసిరినవ్. తగల్లే. గిప్పుడు నీ చేతుల ఏమున్నది?"

పిల్లవాడు తన ఖాళీ చేయి చూసుకున్నాడు.

"ఆని కాళ్ల కాడ ఏమున్నది?"

పిల్లవాడు తల వంచుకున్నాడు. జవాబు అందరికీ తెలుసు.

ఇక్కడ కథ ఆపి ఒక మాట చెప్పాలి. సినిమాల్లో కత్తి విసిరిన ప్రతిసారీ అది గుండెల్లో దిగుతుంది. అది చూసి నమ్మి, సంచిలో చాకు పెట్టుకుని ధైర్యంగా ఉన్నామనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆత్మరక్షణకు విసురు కత్తి అంత పనికిమాలినది ఇంకొకటి లేదు. చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆధారాన్ని ఎదుటివాడి కాళ్ల దగ్గర పడేసే పని అది. విసరదలిస్తే పోయినా బాధలేనివి, మళ్లీ ఒడిలోంచి తీసుకోగలిగినవి విసరాలి. రాయి అట్లాంటిది. కారం అట్లాంటిది. కత్తి, కొడవలి, గుత్ప చేతిలో ఉండాలి.

తాత ఆ పిల్లవాడి చేత మర్నాటి నుంచి వడిసెల పట్టించాడు. వాగు ఒడ్డున పగిలిన కుండలు వరసగా పెట్టి, అరవై గజాల నుంచి కొట్టమన్నాడు. కుండకు తగలకపోయినా ఫర్వాలేదట, వరస మీద పడితే చాలట. మీకు మొదట అర్థం కాలేదు. నలుగురు పక్కపక్కన, చేతులు చాచినా తగలనంత ఎడంగా నిలబడి ఒక్కసారే విసిరినప్పుడు అర్థమైంది. నాలుగు రాళ్లలో రెండు కుండలకు తగిలాయి, రెండు పక్కన పడ్డాయి. వరసలో మనుషులు ఉంటే నాలుగు రాళ్లకూ తల వంచుకుంటారు. ఒక్కడి గురి ఎంతన్నది తర్వాతి ప్రశ్న. పదిమంది రాళ్లు ఒకే జాగాలో పడుతున్నాయా అన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు ఇంట్లోకి రండి. ఎండలు ముదిరాయి. పెద్దమ్మ ఇంట్లో రోలు చుట్టూ నలుగురు ఆడవాళ్లు. ఎండుమిరపకాయలు దంచుతున్నారు. గడప దాటకముందే మీకు దగ్గు వచ్చింది. ఏడాది కారం దంచుకునే రోజులే ఇవి, చూసినవారికి అనుమానం రాదు. అయితే ఈసారి జల్లెడ పట్టగా మిగిలిన గింజ, తొక్క పారేయడం లేదు. విడిగా ఒక కుండలో పోస్తున్నారు.

"దేనికి అత్తా?" అని కోడలుపిల్ల అడిగింది.

"నీళ్లల్ల కలిపి మసలబెట్టనీకె. పొడి కారం గాలికి మన కండ్లల్లనే వడుతది. నీళ్లయితే పోసిన కాడ్నే వడుతయి."

వీధిలో మగవాళ్లు ఉన్నప్పుడు దొర గూండాలు రారు. సంఘం పనికి మగవాళ్లు పక్క ఊరు పోయినప్పుడో, అజ్ఞాతంలో ఉన్నప్పుడో వస్తారు. ఇళ్లు సోదా చేస్తారు, గింజలు పారబోస్తారు, ఆడవాళ్ల మీద చేయి వేస్తారు. తెలంగాణ పల్లెల్లో ఆ ఏళ్లలో ఇది కథ కాదు, ఇంటింటి అనుభవం. ఆకునూరు, మాచిరెడ్డిపల్లిలో లెవీ పేరుతో వచ్చినవాళ్లు ఆడవాళ్ల మీద చేసిన అత్యాచారాల గురించి ఊరూరా తెలుసు. అందుకే ఈ ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే లెక్క వేసుకున్నారు. గడప దగ్గర కారం నీళ్లు. తలుపు వెనక రోకలి. మిద్దె మీద రాళ్ల కుప్ప.

రోకలిని మీరు ఇంతకుముందు కూడా ఎత్తారు, దంచడానికి. ఇప్పుడు పెద్దమ్మ దాన్ని అడ్డంగా పట్టుకోమంది. దాదాపు ఛాతీ ఎత్తు ఉంది. ఒక కొసన ఇనుప పొన్ను. రోజూ దంచే చేతులకు దాని బరువు ఎక్కడుందో చూడకుండానే తెలుసు. గడప ఇరుకులో దాన్ని పైకెత్తి కొట్టొద్దట, దూలానికి తగులుతుంది. దంచినట్టే ముందుకు పొడవాలట. పొడిచి వెంటనే వెనక్కి లాక్కోవాలి, ఎదుటివాడు పట్టుకోకుండా.

మిద్దె మీద రాళ్లు పేర్చిన తీరు చూడండి. గోడ వెంట, సందు వైపు మాత్రమే. పిల్లలు మోసుకొచ్చారు. సందు రెండు చివర్లలో ఉన్న ఇళ్లకు ఎక్కువ, నడుమ ఇళ్లకు తక్కువ. గూండాలు సందులోకి వచ్చాక వెనక్కి పోయే దారి కూడా రాళ్ల కింది నుంచే.

ఒకటి మాత్రం స్పష్టంగా చెప్పుకున్నారు. కారం నీళ్లు పోసేది చంపడానికి కాదు. అవతలివాడు కళ్లు నులుముకునేలోపు తలుపు బిగించి, మిద్దె ఎక్కి కేక వేయడానికి. కేకకు పక్కింటి మిద్దె అందుకోవాలి, దానికి ఇంకోటి. మంచెల వరస ఇప్పుడు మిద్దెల మీదికి వచ్చింది. నా దృష్టిలో ఆత్మరక్షణ అంటే అదే: నాలుగు క్షణాలు సంపాదించుకుని, ఆ నాలుగు క్షణాల్లో ఒంటరితనం పోగొట్టుకోవడం. కేక అందుకునే పొరుగు లేనప్పుడు ఎంత కారం ఉన్నా కాసేపటి పనే.

జులై 4, బేస్తవారం. ఆరుద్ర కార్తె చివరి రోజులు. పునాస విత్తనాల పని మీద ఉన్న ఊరు సాయంత్రానికి ఇళ్లకు చేరింది. గడిలో చేరిన దొర గూండాలు తాగి వచ్చి సంఘం నాయకుల ఇళ్ల మీద రాళ్లు వేశారు. ఆ చప్పుడుకు మిద్దెల మీద కేకలు లేచాయి. డప్పు మోగింది.

మీరు వీధిలోకి వచ్చేసరికి జనం నిండిపోయి ఉన్నారు. గుత్పలు పట్టుకున్నవాళ్లు ముందు, వడిసెలలు నడుముకు చుట్టుకున్నవాళ్లు వెనక. మీ ఒడి రాళ్లతో బరువుగా ఉంది, నడిచేటప్పుడు తొడలకు కొట్టుకుంటోంది. ఇది ఊరేగింపు. జై కొడుతూ పోతున్నారు. ముందు వరసలో దొడ్డి కొమరయ్య ఉన్నాడు, ఆయన అన్న మల్లయ్య ఉన్నాడు. కురుమ ఇంటి బిడ్డలు, గొర్లు కాసినవాళ్లు. మీ పక్కనే తాత నడుస్తున్నాడు.

గడి దగ్గరికి వచ్చారు. ఎత్తయిన గోడలు. జై కొడుతుండగానే లోపలి నుంచి తుపాకులు పేలాయి.

మీరు తుపాకీ చప్పుడు ఇంత దగ్గర్నించి ఎప్పుడూ వినలేదు. చెవులు గింగిరుమన్నాయి. మందు వాసన ముక్కుకు తగిలింది. ముందు వరస ఊగింది. కొమరయ్య పడిపోయాడు. తూటా కడుపులో తగిలింది. మల్లయ్యకు కాలికి తగిలింది. ఇంకా కొందరికి గాయాలయ్యాయి. కొమరయ్య మళ్లీ లేవలేదు.

ఇక్కడ జనం వెనక్కి తిరగాలి. కాల్చినవాళ్లు అనుకున్నది అదే. మీ కాళ్లు కూడా ఒక్క క్షణం వెనక్కే లాగాయి. కానీ వెనక నుంచి నెట్టుకొస్తున్నవాళ్లు ఆగలేదు, వాళ్లతో మీరూ ఆగలేదు. బయట ఉన్న గూండాలు గడిలోకి పరుగెత్తారు. తలుపులు మూసుకున్నారు. జనం గడి చుట్టూ నిలబడ్డారు. గోడ మీద తల కనబడితే చాలు, వడిసెలల రాళ్లు పోతున్నాయి. భర్మారు తుపాకీకి ఒక్కసారి కాల్చాక మళ్లీ మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. ఆ పని చేయడానికి తల దించుకోవాలి. దించుకున్న తల ఎత్తాలంటే రాళ్లు ఆగాలి. రాళ్లు ఆగడం లేదు. ఒడి ఖాళీ అయినవాళ్లకు ఆడవాళ్లు తట్టల్లో తెచ్చి పోస్తున్నారు.

ఇంతలో విసునూరు దిక్కు నుంచి కేకలు. దొర కొడుకు బాబురావు మనుషులను వేసుకుని వస్తున్నాడు. కత్తులు, కర్రలు, తుపాకులు.

జనం సగం గడి దగ్గర ఉండి, సగం ఊరి బయటికి మళ్లారు. ఇప్పుడు ఎదురుగా బయలు. మీకు కుడి ఎడమల ఖాళీ ఉంది. తాత చెయ్యి చాచి ఎడం సరిచేశాడు. "ఆగు... ఆగు... రానీ," అంటున్నాడు. గుంపు దగ్గరవుతోంది. నూరు గజాలు ఉందా? మీకు లెక్క తెలియడం లేదు, తాతకు తెలుసు. ఆయన వడిసెల లేచింది. దానితో పాటే మీ వరసంతా లేచింది. తాళ్లన్నీ ఒక్కసారే ఛెళ్లుమన్నాయి.

మీ రాయి ఎక్కడ పడిందో మీకు తెలియదు. రెండోది తీశారు, అల్లికలో పెట్టారు, తిప్పారు. వేళ్లు వాటంతట అవే విప్పుకున్నాయి. ఎదుటి గుంపు ముందుభాగం ఆగిపోయింది. వెనకవాళ్లు ముందువాళ్ల మీద పడుతున్నారు. ఒకడు తల పట్టుకుని కూలబడ్డాడు. మూడో విసురు పడేసరికి గుంపు గుంపు కాదు, చెదిరిన మనుషులు. అప్పుడు గుత్పలవాళ్లు మీ వరస సందుల్లోంచి ముందుకు దూకారు. వచ్చినవాళ్లు వచ్చిన దారినే పరుగెత్తారు. తరిమినవాళ్లు చాలా దూరం తరిమారు.

ఎవరూ కొడవలి విసరలేదు. ఆ పిడిబాకు పిల్లవాడు కూడా.

రిజర్వు పోలీసులు వచ్చారు. గడిలో చిక్కుకున్నవాళ్లను కాపాడి తీసుకుపోయారు. కాల్చినవాళ్లు క్షేమంగా పోతుంటే చూస్తూ నిలబడ్డారు మీరు. పెద్దమ్మ కొమరయ్య దగ్గర కూర్చుని ఉంది. ఆమె చేతిలో వడిసెల ఇంకా ఉంది, ఉంగరం ముడి వేలి నుంచి తీయలేదు.

మంచె నుంచి ఇక్కడిదాకా మిమ్మల్ని తెచ్చింది గెలుపు కథ చెప్పడానికి కాదు. వడిసెల కొమరయ్యను కాపాడలేదు. గోడ చాటు నుంచి కాల్చిన మొదటి తూటాకు రాయి జవాబు కాదు. అది చేసిందల్లా రెండో తూటాను ఆలస్యం చేయడం, కత్తులవాళ్లను దూరంగా ఆపడం, పారిపోవాల్సిన ఊరు నిలబడేలా చేయడం. అది తక్కువ పని కాదు. కొమరయ్య చావు తర్వాత జనం ఊరి నుంచి ఊరికి గుత్పలతో ఊరేగింపులుగా కదిలారు. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో వందల ఊళ్లలో వెట్టి ఆగిపోయింది. తరాల తరబడి ఆగనిది కొన్ని వారాల్లో ఆగింది.

నిజాం సైన్యం దిగాక లెక్క మారింది. బాలెంల, పాతసూర్యాపేట, మల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్లలో జనం ఇదే వడిసెలతో ఎదురు నిలిచి, కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. దూరం నుంచి వరసగా కాల్చే రైఫిలు ముందు నూరు గజాల రాయి చాలదు. 1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఊళ్లు తుపాకులు పట్టాయి. 1951 అక్టోబరులో పోరాటం విరమించే వరకు మనకు గుర్తున్న బొమ్మలన్నీ ఆ తుపాకులవే.

అయితే కడవెండి నుంచి ఆ పిలుపు దాకా 14 నెలలు ఉన్నాయి. ఆ 14 నెలలు ఈ ఊళ్లను కాచినవి చాలావరకు చేలోంచీ వంటింట్లోంచీ వచ్చినవే. ఆ కాలం గురించి పోరాటంలో ఉన్న స్త్రీలే తమ నోటితో చెప్పుకున్న మాటలు స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకంగా తెచ్చింది. చదవనివాళ్లు చదవండి. పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్లకు, కూడళ్లలో విగ్రహాలు పోసేవాళ్లకు ఒక మనవి: 1946 జులై నాటి జనాన్ని చూపించేటప్పుడు వాళ్ల చేతుల్లో తుపాకులు పెట్టకండి. గుత్ప పెట్టండి, రోకలి పెట్టండి, వడిసెల పెట్టండి.